చౌరస్తాలో 150 రూపాయల చార్జర్: సాకెట్‌లో వదిలేయొచ్చా?

వరంగల్ చౌరస్తా ఫుట్‌పాత్‌ల మీద అమ్మే పేరులేని చార్జర్ ఫోన్‌కు చార్జింగ్ ఎక్కిస్తుంది, కాదనలేం. తేడా అంతా డబ్బా లోపలే. 230 వోల్టుల వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య బోర్డు మీద కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చౌక రకాల్లో ఒక్కోసారి 1 మిల్లీమీటరే ఉంటుంది, ఫ్యూజు ఉండదు. రెండు వైపులనూ కలిపే వై-కెపాసిటర్ (పాడైనా షార్టవకుండా ప్రత్యేకంగా చేసే కెపాసిటర్) స్థానంలో మామూలుది పెడతారు. అది షార్టయితే కరెంటు నేరుగా కేబుల్‌లోకి, అక్కడి నుంచి మీ చేతిలోకి వస్తుంది.

ఎంసీబీ (ఇంటి బోర్డులో కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) ఆపుతుందనుకోకండి. చార్జర్ లోపల మాడేంత కరెంటు 6 ఆంపియర్ల ఎంసీబీని దింపేంత ఉండకపోవచ్చు.

సాకెట్‌లో వదిలేస్తే బిల్లు పెరుగుతుందన్న భయం మాత్రం అనవసరం. మంచి చార్జర్ ఖాళీగా 0.1 వాట్ తింటే ఏడాదికి ఒక్క యూనిట్ కూడా కాదు. స్విచ్ ఆపమనేది ప్రమాదం తప్పించుకోవడానికి, ముఖ్యంగా ఉరుములప్పుడు. పిడుగులు పడే ముందే ప్లగ్గు పీకేయాలి, స్విచ్ ఒక్కటే చాలదు.

కొనేటప్పుడు ఐఎస్ 13252 లాంటి భద్రతా ప్రమాణం నంబరుతో పాటు ఆర్ నంబరు (R-తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు) చూడండి, దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు సరిపోల్చండి. చప్పటి పిన్నులైతే వద్దు: మన సాకెట్‌లో వదులుగా కూర్చుని చిటపటలాడతాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. పరుపు మీద, దిండు కింద ఏ చార్జరూ పెట్టొద్దు.

రేటింగ్: 5కి 1, ఆ ఒక్కటీ ధరకే.