వయాలా, విలియమ్స్‌టౌన్: చూసి తీరాల్సిన రెండు యుద్ధ ఓడలు, దిగకూడని ఒక మోటెల్

మోటెల్ సంగతి ముందు చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని ఓడల గురించి రాయడం నావల్ల కాదు.

దక్షిణ ఆస్ట్రేలియాలో వయాలా అనే ఉక్కు ఊళ్ళో, హైవే పక్కనున్న ఒక మోటెల్‌లో ఫ్యామిలీ రూమ్ రాత్రికి 189 డాలర్లని చూసి బుక్ చేశాం. నేను, మా ఆవిడ, పాప, వైజాగ్ నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్య గారు, మామయ్య గారు, మొత్తం ఐదుగురమని బుకింగ్‌లోనే రాశాం, డబ్బు కూడా ముందే కట్టాం. తీరా సాయంత్రం ఏడుంపావుకి వెళ్తే రిసెప్షన్‌కి తాళం. తలుపు మీద అంటించిన నంబరుకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలకి ఒకాయన వచ్చాడు. పలకరింపు లేదు, సారీ లేదు, ఐదో మనిషికి 30, ఆలస్యంగా వచ్చినందుకు 25 అని కార్డు మెషీన్ ముందుకి తోశాడు. బుకింగ్ చూపిస్తే, అది వెబ్‌సైటు వాళ్ళతో తేల్చుకోండి అన్నాడు. అత్తయ్య గారు కాళ్ళు వాచిపోయి కారులో కూర్చుని ఉన్నారు, ఆ చీకట్లో ఇంకో చోటు వెతికే ఓపిక ఎవరికీ లేదు, కట్టేశాను. గదిలో ఏసీకి చప్పుడే తప్ప చల్లదనం లేదు. ఐదుగురికి తువ్వాళ్ళు మూడు.

అంతవరకైతే సర్దుకుపోయేవాణ్ణి. అత్తయ్య గారు బయట తినరు, అందుకని ప్రయాణాల్లో చిన్న రైస్ కుక్కర్ మాతోనే ఉంటుంది. ఆ రాత్రి ఆవిడ గుప్పెడు బియ్యం ఉడికించుకుని, పెరుగు కలుపుకుని, నిమ్మకాయ పచ్చడి నంజుకుని పడుకున్నారు. తాళింపు లేదు, వేపుడు లేదు. మెల్‌బోర్న్ తిరిగొచ్చాక చూస్తే కార్డులోంచి ఇంకో 150 డాలర్లు లాగేశారు. ఇదేంటని అడిగితే వంట వాసనకి క్లీనింగ్ చార్జీ అని ఒక్క లైను ఈమెయిల్. గదిలో వండకూడదని ఎక్కడా రాసి లేదు, మా ఆవిడ గది మొత్తం ఫొటోలు తీసి పెట్టింది కాబట్టి ఖాయంగా చెబుతున్నాను. ఉడికిన తెల్లన్నానికి 150 డాలర్ల వాసనేంటండీ? అలా 189 గది 394 అయింది. డబ్బు పోతే పోయింది, "ఇదంతా నా వల్లే కదా బాబూ" అని అత్తయ్య గారు మొహం చిన్నబుచ్చుకుని తిరగడం చూస్తే ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు దయచేసి హైవే పక్క చవక మోటెళ్ళు వదిలేసి, కిచెన్ ఉన్న క్యాబిన్ తీసుకోండి. మేం రెండో రాత్రి కేరవాన్ పార్కులో 165 డాలర్లకి దిగాం, స్టవ్వు, ఫ్రిజ్, రెండు బెడ్‌రూములు, బయట కుర్చీలు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇంతకీ పిల్లనీ పెద్దవాళ్ళనీ వేసుకుని అంత దూరం ఎందుకు వెళ్ళామంటే, దానికి కారణం మా వైజాగే.

1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న జేసీ-36 అనే ఓడల గుంపు మీద, విశాఖ తీరానికి దగ్గర్లో, ఆర్‌ఓ-110 అనే జపాన్ జలాంతర్గామి దాడి చేసింది. అస్ఫాలియన్ అనే బ్రిటిష్ సరుకు ఓడకి టార్పెడో తగిలింది, దెబ్బతింది గానీ మునగలేదు. గుంపుకి కాపలాగా వస్తున్న మూడు చిన్న ఓడలు, అప్పటి రాయల్ ఇండియన్ నేవీ వారి జమునా, ఆస్ట్రేలియా వారి లాన్సెస్టన్, ఇప్స్‌విచ్, దాన్ని వెంటాడి డెప్త్ చార్జీలతో, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులతో, ముంచేశాయి. జలాంతర్గామిలో ఉన్న 47 మందిలో ఒక్కరూ బతకలేదు. మామయ్య గారు విశాఖ పోర్టులో చేసి రిటైరయ్యారు, ఆయనక్కూడా ఈ సంగతి తెలీదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులేశాయనీ, జనం ఊరొదిలి పోయారనీ మాత్రం వాళ్ళ నాన్నగారు చెప్పగా విన్నారట. నేను ఈ కథ చెప్పిన దగ్గర్నుంచి ఆయన ఒకటే పట్టు, ఆ ఓడలు ఇంకా ఉన్నాయా, ఉంటే చూపించు అని.

ఆ మూడూ లేవు. కానీ వాటిలో ఆస్ట్రేలియా వారి రెండింటి అచ్చులోనే కట్టిన తోబుట్టువులు రెండు మిగిలాయి. బాథర్స్ట్ తరగతి కార్వెట్లంటారు వీటిని. యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు, పెద్ద యుద్ధనౌకలు కట్టే సత్తా లేని రేవుల్లో కూడా త్వరగా కట్టేయగలిగేలా గీసిన డిజైన్. జలాంతర్గాముల్ని వేటాడాలి, మందుపాతరలు ఏరాలి, సరుకు ఓడలకి తోడు వెళ్ళాలి, అన్ని పనులూ ఒక్కదానితోనే. పొడవు 57 మీటర్లు, వేగం 15 నాట్లు, అంటే గంటకి 28 కిలోమీటర్ల దాకా. ఆస్ట్రేలియాలో మొత్తం 60 కట్టారు, అందులో నాలుగు మన నేవీ కోసం కట్టినవే: బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్. అరవైలో ఇవాళ చూడ్డానికి మిగిలినవి రెండే, ఒకటి వయాలాలో, ఇంకోటి మెల్‌బోర్న్ పక్కన విలియమ్స్‌టౌన్‌లో.

మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్, అక్కడ ఒక రాత్రి, మర్నాడు పోర్ట్ అగస్టా మీదుగా వయాలా. దారి బాగుంది, చెప్పడానికేమీ లేదు. పెట్రోలుకి రానూపోనూ 352 డాలర్లు.

ఓడ పేరు కూడా వయాలాయే, ఊళ్ళోకి వస్తుండగానే కనిపిస్తుంది. సముద్రంలో కాదు, రోడ్డు పక్కన, ఎర్రమట్టి నేల మీద, సముద్రానికి రెండు కిలోమీటర్ల ఇవతల. ఆ ఊరి షిప్‌యార్డులో కట్టిన మొట్టమొదటి ఓడ ఇదే, 1941లో నీళ్ళలోకి దించారు. యుద్ధంలో న్యూగినీ తీరం దాకా వెళ్ళి, బాంబుల మధ్యే సర్వే పనులు చేసింది. యుద్ధం అయ్యాక విక్టోరియా రేవుల శాఖ వాళ్ళు కొనుక్కుని రిప్ అని పేరు మార్చి మెయింటెనెన్స్ పనులకి వాడారు. 1984లో తుక్కుకి పోవాల్సింది, అప్పుడు వయాలా మునిసిపల్ కౌన్సిల్ 5,000 డాలర్లకి కొనేసింది. ఓడ తన ఇంజిన్లతోనే పుట్టిన ఊరికి నడిచొచ్చింది, 1987లో దాన్ని నేల మీదికి లాగి ఇప్పుడున్న చోటికి చేర్చారు. మన పక్క ఏ మునిసిపాలిటీ అయినా ఇలాంటి పని చేస్తే నేను మొదటి చందా ఇస్తాను.

నేల మీద ఉండడం వల్ల ఇంకెక్కడా దొరకని అదృష్టం ఒకటుంది, ఓడ అడుగు మొత్తం కింద నిలబడి చూడొచ్చు. మామయ్య గారు పైకి ఎక్కడం మానేసి ముందు వెనకవైపుకి నడిచారు. రెండు ప్రొపెల్లర్లు, వాటి మధ్య చుక్కాని. ఆయన రెక్క అంచు మీద చెయ్యి పెట్టి, సొట్టలు తడిమి చూసి, "ఏదో గట్టిదాన్నే కొట్టుకుంది అల్లుడూ" అన్నారు. ముప్ఫై ఏళ్ళు రేవులో ఓడలు చూసిన మనిషి, ఆయన మాట నేను నమ్ముతాను. కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది ఇది ఎంత చిన్నదో.

ఓడెక్కాలంటే గైడ్‌తోనే వెళ్ళాలి. మాకొచ్చిన గైడ్ పెద్దాయన, జీతం తీసుకోని వాలంటీరు, ఊళ్ళో స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. మామయ్య గారు తెలుగూ ఇంగ్లీషూ కలిపి ఏది అడిగినా ఆగి, విని, చేతులతో చూపించి చెప్పాడు. గంట టూర్ రెండు గంటలు సాగింది. ముందు గదిలో, తల వంచుకుని నడవాల్సిన కప్పు కింద, నావికులు ఊయలలు కట్టుకుని పడుకునేవారు. ఓడ మొత్తం మీద ఎనభై మందికి పైనే, సంక్రాంతికి ఊరెళ్ళే ఆర్టీసీ బస్సులా ఉండేదన్నమాట, కాకపోతే నెలల తరబడి. ఉక్కు నిచ్చెనలు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఆగిపోవడం మంచిది. అత్తయ్య గారు పాపని తీసుకుని ఓడ పక్కనున్న మ్యూజియంలో రైలు బొమ్మల దగ్గర ఉండిపోయారు, ఇద్దరూ హాయిగా గడిపారు.

వేట ఎలా సాగుతుందో గైడ్ చెప్పిన తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది. ఓడ అడుగు నుంచి ఆస్డిక్ అనే యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపుతుంది, అది జలాంతర్గామికి తగిలి తిరిగొస్తే ఎంత దూరంలో, ఏ దిక్కులో ఉందో తెలుస్తుంది. చిక్కేమిటంటే ఓడ దాని నెత్తి మీదికి వచ్చేసరికి శబ్దం జలాంతర్గామి పైనుంచి దాటిపోతుంది, ఇంకేమీ వినపడదు. సరిగ్గా దెబ్బ వేయాల్సిన నిమిషంలో గుడ్డివాళ్ళే. అంచనా మీద వెనకవైపు పట్టాల మీంచి డెప్త్ చార్జీలు దొర్లించాలి, పక్కలకి విసరాలి. ఒక్కో పీపాలో 130 కిలోల దాకా మందు, ఎంత లోతుకి పోయాక పేలాలో ముందే తిప్పి పెట్టాలి. తక్కువ లోతుకి పెడితే, 15 నాట్ల ఓడ తప్పుకునే లోపే పేలి సొంత ఓడకే దెబ్బ. జపాన్ వాళ్ళ పెద్ద జలాంతర్గాములు నీటి పైకొస్తే వీటికన్నా వేగంగా పోగలిగేవి కూడా. అయినా 1942 జనవరిలో డార్విన్ దగ్గర ఐ-124ని ముంచింది ఈ తరగతి ఓడే, డెలొరైన్. ఆ పట్టాల పక్కన నిలబడి మామయ్య గారు ఆర్‌ఓ-110 సంగతి గైడ్‌కి చెప్పారు. విశాఖపట్నం ఎక్కడుందో ఆయన ఫోన్ మ్యాపులో చూసి, పేరు కాగితం మీద రాసుకున్నాడు. మోటెల్ వల్ల పాడైన మూడ్ అక్కడితో పోయింది.

ఆ రాత్రి బీచ్ వైపు ఒక క్లబ్బులో వైటింగ్ చేప తిన్నాం, ఆ సముద్రంలోనే పట్టిందన్నారు. ప్లేటు 34 డాలర్లు. పైన పల్చటి పిండి పూత, ఉప్పు, నిమ్మచెక్క, అంతే. మసాలా లేని చేపని మామయ్య గారు చేపే కాదంటారు, అలాంటిది రెండో ప్లేటు చెప్పించుకున్నారు. అత్తయ్య గారి కోసం ఉత్త అన్నం ఉందా అని అడిగితే మెనూలో లేకపోయినా వండి తెచ్చారు, డబ్బు తీసుకోలేదు. అదే ఊళ్ళో మోటెలూ ఉంది, ఈ క్లబ్బూ ఉంది.

విలియమ్స్‌టౌన్‌లో ఉన్న కాసిల్‌మైన్ తిరిగొచ్చాక ఒక ఆదివారం చూశాం. ఇది నీళ్ళలోనే, జెమ్ పియర్ పక్కన తేలుతూ ఉంటుంది, కట్టింది కూడా అదే ఊళ్ళో. దీన్నీ వాలంటీర్లే నడుపుతున్నారు, వారాంతాల్లోనే తెరుస్తారు. ఇంజిన్ గది వయాలా కన్నా ఇక్కడే బాగుంది, ఆవిరి ఇంజిన్ల మధ్యలోకి దిగొచ్చు, నూనె వాసన ఇంకా ఉంది. ఈ ఓడకి తోడు వెళ్ళిన ఇదే తరగతి ఓడ ఆర్మిడేల్. 1942 చివర్లో తిమోర్ నుంచి జనాన్ని తెచ్చేందుకు రెండూ కలిసి వెళ్ళాయి. తప్పించి తెచ్చిన మనుషుల్ని ఎక్కించుకుని కాసిల్‌మైన్ డార్విన్‌కి బయల్దేరింది, ఆర్మిడేల్ ఆ నీళ్ళలోనే ఉండిపోయింది. డిసెంబర్ 1న జపాన్ విమానాలు దాన్ని ముంచేశాయి, 149 మందిలో 100 మంది పోయారు. టెడ్డీ షీన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు గాయాలతోనే తనని తుపాకికి కట్టేసుకుని, ఓడ మునిగిపోతున్నా కాలుస్తూనే ఉన్నాడు. అతనికి విక్టోరియా క్రాస్, అంటే యుద్ధంలో ధైర్యానికిచ్చే అత్యున్నత పతకం, ఇచ్చింది 2020లో! 78 ఏళ్ళు పట్టింది. మా పాప ఇది విని చాలాసేపు మాట్లాడలేదు, ఇంటికెళ్ళేటప్పుడు రైల్లో, అతనికి అమ్మ ఉందా అని అడిగింది.

విశాఖ దగ్గర వేటాడిన మూడింటి గతి కూడా చెప్పాలి. యుద్ధం అయ్యాక ఈ తరగతిలో ఎనిమిదింటిని డచ్చివాళ్ళకి, ఐదింటిని టర్కీకి ఇచ్చేశారు. లాన్సెస్టన్ టర్కీ వెళ్ళి హమిత్ నాజి అయింది, చివరికి తుక్కు చేశారు. ఇప్స్‌విచ్ డచ్చివాళ్ళ చేతిలో మొరోటాయ్, తర్వాత ఇండోనేషియాలో హాంగ్ తువా. 1958 ఏప్రిల్ 28న బాలిక్‌పాపన్ రేవులో సీఐఏ పైలట్ నడిపిన బీ-26 విమానం దాని మీద బాంబులేసి ముంచింది, 18 మంది నావికులు చనిపోయారు. యుద్ధమంతా గట్టెక్కిన ఓడ శాంతి కాలంలో అలా పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన జమునా స్వాతంత్ర్యం తర్వాత సర్వే ఓడగా పనిచేసి 1980లో తుక్కుకి పోయింది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని ఎంతో బాగా నిలబెట్టుకున్నాం, రోజూ జనం క్యూ కడతారు. దాని పక్కనే జమునా పేరుతో, 1944 ఫిబ్రవరి 11 తారీఖుతో ఒక బోర్డు పెడితే ఏం పోతుంది? నేను చూసినంతలో ఎక్కడా లేదు. మామయ్య గారు తిరిగెళ్ళాక కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తానంటున్నారు, తెలుగులో నేనే రాసిచ్చాను.

వెళ్ళేవాళ్ళకి నా సలహా, టైము తక్కువుంటే కాసిల్‌మైన్ చాలు, మెల్‌బోర్న్ నుంచి రైల్లోనే పోవచ్చు. ఓడ అడుగు చూడాలనుంటే మాత్రం వయాలా తప్పదు. మే నుంచి ఆగస్టు లోపు వెళ్తే ఆ తీరానికి వచ్చే పెద్ద కటిల్‌ఫిష్ (ఆక్టోపస్ లాంటి జీవులు) గుంపులు కూడా చూడొచ్చు, వాటికోసం వచ్చేవాళ్ళతో గదులు నిండిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోండి. రెండు మ్యూజియాల టికెట్లూ ఐదుగురికి కలిపినా మోటెల్ వాడు లాగిన 150కి దిగువనే. ఆ 150 కోసం బ్యాంకులో ఫిర్యాదు పెట్టాం, ఫొటోలన్నీ పంపాం. ఇంకా తేలలేదు.