ఒడియా కార్డు, పెన్సిల్ తెలుగు: రాయగడలో ఇద్దరు పిల్లల టీకాలు, ఆరోగ్య కార్డు, ఎనిమిదేళ్ల వాడకం

మా పాప 2017 మార్చిలో పుట్టింది. పురుడు పార్వతీపురంలో, మా అమ్మగారింట్లో. మూడో నెల దాటాక ఒడిశాలోని రాయగడ అత్తారింటికి వస్తూ తెలుగులో ఉన్న టీకాల కార్డు సంచిలో పెట్టుకొచ్చాను. ఇక్కడ టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం దీదీ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి నవ్వింది. ఆవిడ ఇచ్చిన ఒడియా కార్డు చూసి నాకైతే నవ్వు రాలేదు. అంకెలు తప్ప ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఆ రాత్రి మా ఆయన చదివి చెప్తుంటే ప్రతి గడి పక్కనా పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ ఉంది, మడతల దగ్గర టేపు అతుకులతో.

కార్డు భాష మారింది గానీ సూదులు మారలేదు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, అంటే ఐదు జబ్బులకు ఒకే సూది. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా. ఈ వరస అక్కడా ఇక్కడా ఒకటే. మా పాపకు రెండు పెంటాలు పార్వతీపురంలో పడ్డాయి, మూడోది రాయగడలో. అక్కడ వేసింది ఇక్కడ చెల్లదని ఎవరూ అనలేదు. ఇదేం గొప్ప అనుకోవచ్చు. పురుడు అటు, కాపురం ఇటు అయిన మాలాంటి వాళ్లకు గొప్పే. రేషన్ కార్డు దగ్గర్నుంచి ప్రతి కాగితానికీ 'మీది ఏ రాష్ట్రం' అని అడిగించుకున్న ప్రాణాలు మావి.

డబ్బు సంగతికొస్తే ఒక్క లెక్క చెప్తాను. పాప పుట్టినప్పుడు న్యుమోనియాకు వేసే పీసీవీ టీకా మాకు ఉచితంగా దొరకలేదు. టౌన్లో పిల్లల డాక్టరును అడిగితే డోసుకు మూడు వేల పైచిలుకు అన్నారు. మా ఆయనది బైకు మెకానిక్ షెడ్డు. లెక్కేసుకుని ఊరుకున్నాం. తర్వాత రెండేళ్లు పాప ఎప్పుడు దగ్గినా నా గుండె ఆగేది. బాబు 2021 డిసెంబరులో పుట్టేసరికి అదే టీకా సర్కారు పట్టికలోకి వచ్చేసింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, మూడు డోసులూ పైసా లేకుండా పడ్డాయి. పదివేలు మిగిలాయని మా అత్త వీధంతా చెప్పుకుంది. నాకు మాత్రం మిగిలింది టెన్షనే లేని రెండేళ్లు.

ఉచితమంటే అంతా సాఫీ అనుకోకండి. మా వైపు టీకాలు బుధవారం. తట్టు-రుబెల్లా సీసాలో మందు ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. బాబుకు తొమ్మిది నెలలు నిండాయని వానలో తడుస్తూ వెళ్తే, 'ఇంకో ఇద్దరు పిల్లలు వస్తే సీసా తీస్తాను, లేదంటే వచ్చే బుధవారం' అన్నారు. వచ్చే బుధవారమూ అదే మాట. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలని తర్వాత మా ఆశా దీదీయే చెప్పింది. మూడో వారం ఆవిడ వెంట వచ్చి నిలబడితే పని జరిగింది. ఇప్పుడు నేను వెళ్లే ముందు రోజే వీధిలో ఇంకెవరి పిల్లలకు బాకీ ఉందో కనుక్కుని, అందరం కలిసి ఆటో కట్టించుకుని పోతాం.

సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోమంటారు. విసుగొచ్చినా కూర్చోండి. పెంటా వేసిన రాత్రి తొడ గట్టిపడి జ్వరం వస్తుంది. మా అత్త ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతానని పట్టుబట్టింది. దీదీ ముందే చెప్పింది, కాపడం వద్దు, రుద్దవద్దు, పారాసిటమాల్ చాలని. అత్తకు కోపం వచ్చింది, మర్నాడు పిల్ల ఆడుకుంటుంటే పోయింది.

ఇక్కడ పిల్లలకు జ్వరమంటే మొదట అనుమానించాల్సింది మలేరియాని. అది నేర్చుకోవడానికి నాకు ఆరు వందలు ఖర్చయింది. 2019 వానాకాలంలో పాపకు వణుకుతో జ్వరం వస్తే దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెత్తాను. ఇంజెక్షన్, సిరప్పులు, మళ్లీ రేపు రండి. మూడో రోజు ఆశా దీదీ మా గుమ్మం మీదే కూర్చుని పాప వేలు గుచ్చింది. రక్తం చుక్క పట్టీ మీద వేసి, రెండు చుక్కల మందు పోసి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. పావుగంటకు రెండో గీత తేలింది. ఫాల్సీపారం, మలేరియాలో ప్రమాదకరమైన రకం. మాత్రలు అక్కడికక్కడే ఇచ్చి, మొదటి మాత్ర తన ఎదుట వేయించి గానీ లేవలేదు. పైసా అడగలేదు. 2017లో మలేరియా అదుపుకు 'దమన్' పేరుతో కొండ ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా ఊరంతా రక్తపరీక్షలు చేయడం మొదలైంది. దోమతెరలూ పంచారు. మా వీధిలో కొందరు వాటిని పెరట్లో బీర పందిరికి కట్టారు, అది వేరే సంగతి.

ఇక అందరూ అడిగే ఆరోగ్య కార్డు. 2018 ఆగస్టు 15న ఒడిశా సర్కారు బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన మొదలైంది. ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు 2021 నుంచి ఇంకో 5 లక్షలు. 2024లో సర్కారు మారాక గోపబంధు పేరు పెట్టారు, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆయుష్మాన్‌తో కలిపి నడుపుతున్నారు. చాలామంది అనుకున్నట్టు ఇది జ్వరానికి, దగ్గుకి పనికొచ్చే కార్డు కాదు. ఆసుపత్రిలో చేరితేనే పని. ఓపీ చీటీకి, బయట రాసిచ్చే సిరప్పుకి మన జేబే. అదే సర్కారు ఆసుపత్రికి వెళ్తే కార్డు లేకపోయినా నిరామయ కౌంటర్లో మందులు ఉచితం.

మాకు కార్డు అక్కరకొచ్చింది బాబుకు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు సర్కారు పిల్లల ఆరోగ్య పరీక్షల బండి, ఆర్‌బీఎస్‌కే బండి వస్తుంది, డాక్టర్లు పిల్లల్ని ఒక్కొక్కరినీ చూస్తారు. అందులో ఒక డాక్టరమ్మ వీడిని దగ్గమని గజ్జల్లో వేలు పెట్టి చూసి, హెర్నియా అంది. నేను రోజూ స్నానం చేయిస్తాను, ఏడ్చినప్పుడు ఉబ్బుతోందని గమనించాను కూడా. గాలి అనుకున్నాను. 'ఇది మా జాబితాలో జబ్బు కాదు, అయినా ఆలస్యం చెయ్యకండి' అని చీటీ రాసిచ్చింది. ఆ బండి వాళ్లు పేరుకొచ్చి బరువు రాసుకుని పోతారని అంతకుముందు నేనే అనేదాన్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

2024 జనవరిలో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భువనేశ్వర్ వెళ్లాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ కార్డు మీద చేస్తారని ముందే ఫోన్లో కనుక్కున్నాం. తీరా అక్కడ పేరు దగ్గర ఆగిపోయింది. మన వాళ్లకు ఇంటిపేరు ముందు, ఇక్కడి వాళ్లకు వెనక. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, ఆరోగ్య కార్డులో ఇంటిపేరే లేదు. ముగ్గురు వేర్వేరు పిల్లలన్నట్టు చూశారు కౌంటర్లో. స్వాస్థ్య మిత్ర అనే డెస్కు కుర్రాడు కాగితాలన్నీ కలిపి పంపించి, సాయంత్రానికి మంజూరు తెప్పించాడు. ఆపరేషన్‌కు మేం కట్టింది సున్నా. కానీ మందులని 2,300 బయట కొనిపించారు. మందులు కూడా ప్యాకేజీలోనేనని తెలిసి బిల్లు పట్టుకుని అడిగితే సగం వెనక్కిచ్చారు, మిగతా సగానికి మాటలు చెప్పారు. రైలు, లాడ్జి, తిండి, వారం రోజులు మూసిన షెడ్డు ఏ కార్డులోనూ రావు.

కొత్త ఆయుష్మాన్ కార్డుకు ఈ-కేవైసీ చేయించినప్పుడు నేను మొదట చేసింది ఇంటిపేరు అన్నిటిలో ఒకే చోట ఉందో లేదో చూడటం. రెండు రోజులు తిరిగాను, విసుగే, తప్పదు. ఈ కార్డు వేరే రాష్ట్రంలోనూ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. మాకు విశాఖపట్నం రాత్రి ప్రయాణం కూడా కాదు, భాష గొడవా లేదు. ఇన్నేళ్లూ మా తమ్ముడి పిల్లలకు ఆంధ్రా కార్డు పని చేస్తుంటే చూస్తూ కూర్చున్నాం.

మార్కులు అడిగితే టీకాలకు, ఆశా దీదీకి పదికి తొమ్మిది. కార్డుకు ఆరు. కార్డు లేకపోతే అప్పు చేసేవాళ్లం, నిజమే. ఎనిమిదేళ్లలో కార్డు తీసింది ఒక్కసారి. గుమ్మం ముందు వేలు గుచ్చిన పట్టీ, ముక్కు మూసి తాగించిన విటమిన్-ఎ చెంచా, ఫిబ్రవరిలో ఆగస్టులో బళ్లో వేసే నులిపురుగుల మాత్ర, వీటికి కార్డే అడగరు.

మర్చిపోయేది ఏదైనా ఉంటే ఏడాదిన్నర దాటాక వేయించాల్సినవి. పిల్లలు పరుగులు పెడుతుంటే మనకు టీకాల కార్డు గుర్తు రాదు. విటమిన్-ఎ ఆరు నెలలకోసారి, ఐదేళ్లు నిండేలోపు తొమ్మిది డోసులు. డీపీటీ బూస్టర్ ఒకటి ఐదు, ఆరేళ్ల మధ్య ఉంటుంది. బాబుకు విటమిన్-ఎ ఏడు డోసులు అయ్యాయని నా పెన్సిల్ రాత చెప్తోంది. పాప ఇప్పుడు ఒడియా బళ్లో చదువుతోంది. మొన్న తన తమ్ముడి కార్డు తీసి గడి గడీ పైకి చదివి, 'అమ్మా, దీదీ సంతకాలు ఆరే ఉన్నాయి, నువ్వు ఒకటి ఎక్కువ రాసుకున్నావు' అంది. రబ్బరు తెచ్చి తనే చెరిపింది. బుధవారం వాణ్ని తీసుకెళ్లాలి.