అనంతపురం నుంచి విశాఖకు: కిలోమీటర్లు చూడొద్దు, ఎట్లా దిగుతారో చూడండి

మా చెల్లెలి కాపురం విశాఖలోని గాజువాకలో. అమ్మను తీసుకుని వెళ్లొస్తుంటాను కాబట్టి రైలు, బస్సు, విమానం మూడూ చూశాను. రోడ్డు మీద దాదాపు 850 కిలోమీటర్లు. ఒకే రాష్ట్రం అన్నమాటే గానీ, అనంతపురానికి బెంగళూరు ఇందులో దాదాపు నాలుగో వంతు దూరమే.

బెంగళూరు నుంచి విమానం గంటన్నర, గంటా ముప్పావు. అది చూసి చాలామంది ఆశపడతారు. దేవనహళ్లి విమానాశ్రయం మనవైపే ఉంది కాబట్టి సిటీలోకి పోనక్కర్లేదు, అది మేలే. కానీ కారులో మూడు గంటలు, రెండు గంటల ముందు చేరుకోవడం, అక్కడ దిగి మళ్లీ ఆటో. ఇంటి గడప నుంచి గడపకు లెక్కేస్తే ఎనిమిది గంటలు. అత్యవసరమైతే తప్ప ఆ ఖర్చు దండగ అంటాను.

బస్సు నాకు నచ్చలేదు. తాడిపత్రి, బనగానపల్లె, గిద్దలూరు, వినుకొండ మీదుగా గుంటూరు దారి. నల్లమల ఘాట్ మలుపుల్లో స్లీపర్ బెర్తు మీద పడుకున్న మనిషి అటూ ఇటూ దొర్లుతూనే ఉండాలి. ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు దారిలో ఆగిపోయి, వేరే బండి వచ్చేదాకా అమ్మ రోడ్డు పక్కన బ్యాగు మీద కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. అప్పటినుంచి పెద్దవాళ్లతో బస్సు వద్దనే చెప్తున్నాను.

ఇక ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. బెంగళూరు నుంచి భువనేశ్వర్ పోయే బండి, రోజూ ఉంది. సాయంత్రం అనంతపురంలో ఎక్కితే గుంతకల్లు, డోన్, నంద్యాల, గుంటూరు, విజయవాడ మీదుగా మరుసటి పొద్దున విశాఖ. పదిహేను, పదహారు గంటలు. నల్లమల చీకట్లోనే దాటిపోతుంది, అదొక్కటే వెలితి. రాత్రికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టుకుపోతాం. రైల్లో అమ్మే బిర్యానీ కంటే కడుపుకు అదే హాయి. తెల్లవారుజామున రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే అమ్మ లేచి కిటికీ దగ్గర కూర్చుంటుంది. రెండున్నర కిలోమీటర్లకు పైగా నీళ్లు! చెరువు నిండితే ఊరంతా పోయి చూసొచ్చే సీమ వాళ్లం మేము. చిల్లర నాణెం నదిలో వేసి దండం పెట్టుకుని, "ఇందులో పిడికెడు మనకొచ్చినా చాలు గదప్పా" అంటుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. పండగలకైతే ఆ పొద్దే తీసేయాలి, కింది బెర్తు అడగాలి. సీటు దొరక్కపోతే రాత్రి విజయవాడ చేరి, పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే మధ్యాహ్నానికి విశాఖ.

బసకు ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల లాడ్జీలు చవక, సింహాచలం బస్సు కూడా అక్కడే దొరుకుతుంది. రుషికొండ వైపు గదుల్లోంచి సముద్రం కనబడుతుంది గానీ ఊళ్లో పని ఉన్నవాళ్లకు ఆటో ఛార్జీలే బరువవుతాయి. ఎక్కడ దిగినా ఏసీ గది తీసుకోండి. మన దగ్గర అరగంటలో ఎండే తువ్వాలు అక్కడ మరుసటి రోజుకూ తడిగానే ఉంటుంది, ఆ ఉక్కపోత మనకు అలవాటు లేదు.

గాజువాక, స్టీల్ ప్లాంటు వైపు పోయేవాళ్లకు దువ్వాడ స్టేషన్ దగ్గర. మీ బండి అక్కడ ఆగుతుందేమో టికెట్ తీసేముందే చూసుకోండి, విశాఖ దాకా పోయి వెనక్కి రావడం తప్పుతుంది.