మూడేళ్ల ముందే దిగిపోవాలా, చివరిదాకా ఉండాలా: ఏది మేలు?

నేను చరిత్ర లెక్చరర్ని. ఒడిశాలోని బరంపురంలోనే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే పాఠం చెబుతున్నాను. ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. ఇరవై ఏళ్ల సర్వీసు నిండినవాళ్లు మూడు నెలల నోటీసిచ్చి ఉద్యోగం నుంచి దిగిపోవచ్చు కాబట్టి, రెండు నెలలుగా మా ఇంట్లో ఇదే పంచాయితీ.

మా ఆవిడ డబ్బు దగ్గర మొదలుపెట్టింది. కరెంటు బిల్లు వెనక లెక్క వేసింది. నా బేసిక్ 1,72,200. 2005 జనవరి 1కి ముందు చేరాను కనుక నాకు పాత పింఛనే, అంటే ఆఖరి బేసిక్‌లో సగం. ఇప్పుడు దిగితే 86,100. ఏటా 3 శాతం ఇంక్రిమెంటు కలుపుకుంటూ పోతే మూడేళ్లకు బేసిక్ 1,88,200, పింఛను 94,100. నెలకు ఎనిమిది వేల తేడా. దానికైతే సర్దుకోవచ్చు. అసలు దెబ్బ వేరే ఉంది: ఈ మూడేళ్లూ జీతం బదులు పింఛనే వస్తుంది, డీఏ, ఇంక్రిమెంట్లు లెక్కలోకి తీసుకోకపోయినా 31 లక్షలు పోయినట్టే. "అమ్మాయి పెళ్లయిపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మిమ్మల్ని ఈ మాటే ఎత్తనిచ్చేదాన్ని కాదు" అంటూ బిల్లు మడిచి పోపుల డబ్బా కింద పెట్టింది.

2005 తర్వాత చేరిన కుర్ర లెక్చరర్లు నన్ను చూసి వాత పెట్టుకోకండి. ఎన్‌పీఎస్ అనే కొత్త పింఛను పథకంలో ఉన్నవాళ్లు ముందే బయటికొస్తే కూడిన సొమ్ములో 80 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛనిచ్చే పథకం, కొనాల్సి రావచ్చు. చివరిదాకా ఉంటే 40 చాలు.

రిటైరయ్యాక గెస్టు లెక్చరర్‌గా వెళ్లి క్లాసుకింత అని పుచ్చుకోవడం నాకు పడదు. నిన్నటిదాకా కూర్చున్న గది బయట బెంచీ మీద ఎదురుచూడాలి. విశాఖలో కొడుకు దగ్గరికి వెళ్లిపోవడమూ అంతే. ఏడో అంతస్తులో కూర్చుని చెయ్యడానికేముంది?

ఉండిపోతే ఏమిటి లాభం? క్లాసు ఇప్పటికీ తీపే, అబద్ధం చెప్పను. కానీ వారంలో సగం, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల ఫైళ్లకే పోతోంది. పైగా 2022 యూజీసీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లకన్నా తక్కువ ఉన్నవాళ్లు కొత్త పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకోకూడదు. అంటే వచ్చే ఏడాది నుంచి ఉన్నవాళ్లను ఒడ్డుకు చేర్చడమే తప్ప కొత్త పని మొదలుపెట్టలేను.

ఇక్కడే నాకు పర్లాకిమిడి గుర్తొస్తుంది. గిడుగు రామమూర్తి 1863లో పుట్టారు, అక్కడ ముప్పై ఏళ్ల పంతులుద్యోగం తర్వాత 1911లో దిగిపోయారు. అప్పటికి యాభై నిండలేదు. వాడుక భాష ఉద్యమం ఊపందుకున్నదీ, 1931లో సవర భాష వ్యాకరణం అచ్చయిందీ ఆ తర్వాతే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. నేను ఆయన కాలిగోటికి చాలనని తెలుసు. కానీ ఉద్యోగం వదిలేశాక చేతిలో పని ఉందా లేదా అన్నదే నాకూ ప్రశ్న.

నా చేతిలో చిన్న పని ఒకటి ఉంది. మా ఊరి పట్టు నేతగాళ్ల వీధుల్లో ఇంకా తెలుగు బతికే ఉంది. పడుగు, పేక, అచ్చు, ఆసు, కండె లాంటి నేత మాటలు ఎక్కడైనా వినిపిస్తాయి. వీటి మధ్య ఒరియాతో కలిసిపోయిన మాటలు కొన్ని ఈ వీధుల్లోనే పుట్టాయి. వాటిని రాసుకోవాలని పదేళ్లుగా అనుకుంటున్నాను. నిరుడు దసరా సెలవుల్లో ఒక ముసలాయన మగ్గం గుంటలో కూర్చుని, పేకను అటూ ఇటూ తీసుకెళ్లే నాడె చేతిలో ఆపి, గంటన్నర చెప్పాడు. నేను రాసింది నాలుగు పేజీలు. "మిగతాది మళ్లీ రా బాబూ" అన్నాడు. పరీక్షలు, పేపర్లు, ఫైళ్లు అయ్యాక ఏప్రిల్‌లో వెళ్తే మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన సంక్రాంతికే పోయాడట.

మా బావ వింటూనే "ఏటి బావా, నాలుగు మాటల కోసం ముప్పై లక్షలా?" అన్నాడు. అవును, లెక్కలో ఆయనే గెలిచాడు.

నన్ను ఆపుతున్నది మాత్రం డబ్బు కాదు, గజపతి జిల్లా నుంచి వచ్చిన నా స్టూడెంట్. నాలుగో అధ్యాయంలో ఉంది. నేను ఇప్పుడే దిగిపోతే గైడు మారాల్సి రావచ్చు, ఆ పిల్ల మళ్లీ మొదటికి రావచ్చు. కాబట్టి మూడేళ్లూ కాదు, ఈ నెలా కాదు. ఆమె థీసిస్ సబ్మిట్ చేసిన మర్నాడు నోటీసు ఇస్తాను. మా ఆవిడ బిల్లు మళ్లీ బయటికి తీసింది, ఒక ఏడాదికి ఎంతో వెయ్యడానికి. ఆదివారం పూట మాత్రం నేను ఆ ముసలాయన తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను. ఆయనకు చెవుడు, కొంచెం గట్టిగా అడగాలి.