చెన్నై వేళచ్చేరి బాల్కనీలో మూడు మట్టికుండలు: ఎనిమిది నెలలు వాడాక

వంటింటి తడి చెత్తను ఎరువుగా మార్చే కుండ కొనాలా వద్దా అని మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారే రాసేస్తున్నాను. కొనండి. కాకపోతే కొనేముందు ఎండుటాకులు ఎక్కడినుంచి తెచ్చుకుంటారో చూసుకోండి. ఆ దారి లేకుండా కొంటే నెల తిరక్కముందే మానేస్తారు.

నేను కొన్నది పోయిన ఆగస్టులో, ఆన్‌లైన్‌లో ఒక చిన్న కంపెనీ దగ్గర. 4,200 రూపాయలు. ఒకదానిమీద ఒకటి నిలబెట్టే మూడు మట్టికుండలు, పైన మూత. పై రెండు కుండల అడుగున జల్లెడలా చిల్లులు, పక్కలకి బొటనవేలు పట్టేంత కన్నాలు. నిలబెడితే నా నడుం ఎత్తు వస్తాయి. వాటితోపాటు కొబ్బరి పొట్టు ఒక సంచి, చెత్త తొందరగా మాగడానికి చల్లే ఏదో గోధుమరంగు పొడి ఒక సంచి ఇచ్చారు.

ముందు కష్టం చెప్పేస్తాను. పార్శిల్ విప్పేసరికి మధ్య కుండకి పైనుంచి కిందదాకా సన్నని బీట. ఫోటో పంపితే మార్చారు గాని, పదహారు రోజులు పట్టింది. డిసెంబరులో నా చేతిలోంచే మూత జారి పగిలింది. విడిగా మూత అమ్మరట, మొత్తం సెట్టు కొనాలట. మట్టి సామాను అమ్ముతూ మూత దొరకదనడం నాకు అస్సలు నచ్చలేదు. చివరికి కొసపేట వెళ్ళి అక్కడి కుమ్మరిని అడిగితే, కొలత చూసి 150 రూపాయలకి చేసిచ్చాడు. అసలు మూతకంటే ఇదే బాగా కూర్చుంది. ఇంకోటి, వాడే విధానం కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. మా పనమ్మాయికి తమిళంలో, మా అత్తయ్యకి తెలుగులో నేనే చదివి చెప్పాల్సొచ్చింది. వంటింట్లో వాడే వస్తువుకి ఆ ఇంట్లో మాట్లాడే భాషలో నాలుగు ముక్కలు ఉండాలి.

వాడకం కష్టమేమీ కాదు. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, మునక్కాయ పీచు, వాడిన పూలు, మిగిలిపోయిన అన్నం పై కుండలో వేయాలి. దోసెడు తడి చెత్తకి దోసెడు ఎండుటాకులు, పైన గుప్పెడు కొబ్బరి పొట్టు. నాలుగు రోజులకొకసారి కర్రతో అడుగుదాకా కలియబెట్టాలి. పై కుండ నిండితే దాన్ని మధ్యకి దించి, ఖాళీది పైకి ఎక్కించాలి. అలా తిరుగుతూ రెండు నెలలకి కింద కుండలో ఎరువు తయారవుతుంది.

మొదటి రెండు వారాలూ నేను కలియబెట్టలేదు. చెయ్యి పెట్టడానికి జంకాను. మూత తీస్తే పుల్లగా, కడుపులో తిప్పేలా వాసన. సూళ్ళూరుపేట దగ్గర మా ఊళ్ళో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను.

"దిబ్బ తిరగేస్తుండావా అమ్మణ్ణీ?"

"లేదు నాన్నా."

"మరింకేంది! గాలి ఆడకుంటే కుళ్ళిపోద్ది. గాలాడితే మాగుద్ది. కుళ్ళడం వేరు, మాగడం వేరు."

మా నగరం చెత్తలో ఉన్న చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది.

చెన్నై నగరపాలక సంస్థ 2023 జూన్‌లో వాతావరణ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం దాన్ని దింపుకుంటే సాయంత్రాలు కూర్చుని నేనూ చదివాను. 2050 కల్లా నగరం కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకి, అంటే గాల్లోకి వదిలినంతా తిరిగి పీల్చేసుకునేలా, తేవాలన్నది లక్ష్యం. 2018-19 లెక్క ప్రకారం నగరం ఏడాదికి వదిలింది కోటీ 43 లక్షల టన్నుల పైమాటే, తలకి 1.9 టన్నులు. అందులో 71 శాతం ఇళ్ళు, షాపులు, ఫ్యాక్టరీలు వాడే కరెంటూ ఇంధనమూ. మిగిలినది వాహనాలు, చెత్త పంచుకుంటున్నాయి.

కరెంటు సంగతి నా చేతిలో లేదు. ఇక్కడ నేను ఫ్యాన్ వేసుకుంటే ఎన్నూరు వైపు బొగ్గు మండుతుంది. దాన్ని మార్చాల్సింది ప్రభుత్వం. బస్సులు మారుతున్నాయి. 2025 జూన్ 30న వ్యాసార్పాడి డిపోనుంచి 120 ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. వాటిని నేను ఎక్కగలను, తేలేను. చెత్త అలా కాదు. అది మా సింకు పక్కనే పుడుతుంది. తడిదీ పొడిదీ కలిపి కట్టేస్తే ఆ సంచి ఇక ఎవరూ విడదీయలేని ముద్ద. విడిగా ఇస్తే అది ఎరువో, పట్టి వాడుకునే గ్యాసో అవుతుంది. ప్రణాళికలో ఎంత బాగా రాసినా ఆ తేడా పడేది ఇంట్లోనే.

చెన్నైలో రోజుకి 5,000 టన్నులకు పైగా చెత్త వస్తుంది. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడిదే. దాన్ని కొండలా పోస్తే లోపలికి గాలి పోదు, నాన్న చెప్పినట్టు కుళ్ళుతుంది. అలా కుళ్ళినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అదే తొక్కలు గాలి తగిలేలా మాగితే మీథేన్ దాదాపు పుట్టదు. నా కుండ పక్కల ఉన్న కన్నాలు అందుకే.

ఇది నాకు పుస్తకంలో విషయం కాదు. 2022 ఏప్రిల్ నెలాఖరులో పెరుంగుడి డంపింగ్ యార్డు అంటుకుంది. రోజుల తరబడి ఆరలేదు. మా కిటికీలకి తడి చీరలు కట్టాం. అత్తయ్య రాత్రంతా కూర్చునే ఉంది, పడుకుంటే ఊపిరాడక. ఆ యార్డు ఉన్నది పళ్ళికరణై చిత్తడి నేలలో. దక్షిణ చెన్నై వాననీళ్ళు పోయి నిలవాల్సిన చోటు అది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి మా గేటు దాటి నీళ్ళు వచ్చినప్పుడు నాకు ఆ చెత్త కొండే గుర్తొచ్చింది. దాన్ని తవ్వి, వేరుచేసి, నేలను ఖాళీ చేసే పని చేపట్టారు. మంచిదే. కొత్తది పోయకుండా ఉండటం మాత్రం మనవల్లే అవుతుంది.

తమిళంలో కుప్పై అంటే చెత్త. మా ఊళ్ళో కుప్ప అంటే ముందు గుర్తొచ్చేది వరి కుప్ప, కోత అయ్యాక కళ్ళంలో వేసేది. ముప్పై ఏళ్ళుగా ఈ రెండు మాటలూ నా నోట్లో ఉన్నాయి గాని, ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మళ్ళీ కుండ దగ్గరికి వస్తాను. ఎండుటాకులన్నాను కదా. మా వీధిలో బాదం చెట్లున్నాయి. పొద్దున్నే ఊడ్చే ఆమెను అడిగాను. ఆమెదీ మా వైపే, నాయుడుపేట దగ్గర పల్లె. "రోజూ మూటెడు ఇస్తానక్కా. లేకుంటే ఎవరో ఒకరు అగ్గి పెడతారు, ఆ పొగ నేనే పీల్చాల" అంది. ఇప్పుడు వారానికి రెండు మూటలు తెచ్చి గేటు దగ్గర పెడుతుంది. నేను కూలి ఇస్తాను, ఇవ్వాలి కూడా. ఆమె ఊరెళ్ళిన పది రోజులు కంపెనీ వాళ్ళ కొబ్బరి పొట్టు కొంటే 280 రూపాయలైంది. అంత పెట్టి ఎవరూ ఏడాది పొడుగునా నడపలేరు. గోధుమరంగు పొడి అయిపోయాక మళ్ళీ కొనలేదు. పుల్ల మజ్జిగ గ్లాసుడు చల్లితే అదే పని జరుగుతోంది.

నవంబరు వానలు అసలు పరీక్ష. జల్లు కన్నాల్లోంచి లోపలికి కొట్టింది. మూడో రోజు మూత తీస్తే పైనంతా బియ్యపు గింజల్లా తెల్లని పురుగులు, ఒకదానిమీద ఒకటి కదులుతూ. మా అమ్మాయి కేక పెట్టి తలుపేసేసింది. అవి సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలనీ, మనల్ని ఏమీ చేయవనీ, చెత్తను తినిపెడతాయనీ తర్వాత తెలిసింది. అయినా ఇంట్లోవాళ్ళకి అది చూడటం కష్టమే. రెండింతలు ఎండుటాకులు వేసి, గుప్పెడు వేపపిండి కలిపి, కుండల్ని గోడవైపు జరిపాను. వారంలో తగ్గాయి. గుప్పిట్లో పిండితే చుక్క కారకూడదు, ఉండ కట్టాలి. తేమ చూసుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే, ఇది చాలు.

మొదటి ఎరువు అక్టోబరు చివర్లో వచ్చింది. పాత పిండి జల్లెడతో పట్టాను. పైన నిలిచినవి మామిడి టెంక, కోడిగుడ్డు పెంకులు, ఒక రబ్బరు బ్యాండు. కిందపడింది నల్లగా, టీ పొడిలా పొడిపొడిగా. చేతికి అంటుకోలేదు. వాసన చెరువుకట్ట కింద తేమ మట్టి వాసన. అత్తయ్య చిటికెడు తీసుకుని వేళ్ళమధ్య నలిపి, "ఇందులో ఆ పొట్లకాయ తొక్కలున్నాయంటే ఎవరు నమ్ముతారే" అంది. అంతదాకా కుండల వైపు రాని మనిషి, ఆ రోజునుంచి ఉల్లిపొట్టు కూడా ఆవిడే తీసుకెళ్ళి వేస్తోంది.

జనవరి నెలంతా కూరగాయల తక్కెడతో తూచాను. నలుగురం ఉన్న ఇల్లు, రోజుకి సగటున 900 గ్రాములు, నెలకి 28 కిలోలు. ఇదివరకు ఆ సంచి రోజూ కిందికి దిగేది. ఇప్పుడు చెత్త తీసుకెళ్ళే బ్యాటరీ బండికి మేము ఇచ్చేది పొడి చెత్త, శానిటరీ ప్యాడ్లు, ఎముకలు. మాంసం, చేప వ్యర్థాలు దీంట్లో వేయొద్దు. ఒకసారి రొయ్యల పొట్టు వేసి చూశాను, రెండిళ్ళ అవతలికి తెలిసింది.

కంపెనీ వాళ్ళు "ఐదుగురి కుటుంబానికి సరిపోతుంది" అని రాశారు. మామూలు రోజుల్లో నలుగురికి సరిపోతుంది. పొంగల్‌కి చెరకు పిప్పి, అరటి ఆకులు, చుట్టాలు అన్నీ కలిసేసరికి మూడు రోజుల్లో పై కుండ నిండింది. ఏప్రిల్ రాగానే బంగినపల్లి తొక్కలతో మళ్ళీ అదే పరిస్థితి. తొక్కల్ని చిన్నచిన్న ముక్కలు కోసి వేస్తే తొందరగా అణుగుతున్నాయి. పెద్ద ఇల్లయితే రెండు సెట్లు తీసుకోండి. బాల్కనీయే లేకపోతే దీన్ని కొనకండి. తడిదీ పొడిదీ వేరుగా ఇవ్వండి, అదీ పెద్ద పనే.

మా కరివేపాకు మొక్కకి, కింద పార్కింగ్ పక్కనున్న నందివర్ధనానికి వేయగా ఇంకా రెండు సంచులు మిగిలాయి. పైన చెప్పిన ముగ్గురిలో ఎవరు మొదట కుండ కొంటే వాళ్ళకి ఒక సంచి ఇస్తాను. కొత్త కుండలో అడుగున రెండు దోసిళ్ళు పాత ఎరువు వేస్తే ఆ గోధుమరంగు పొడి అవసరమే ఉండదు.