కాచిగూడ మూల ఇరానీలో నెల రోజుల వరల్డ్ కప్

2022 నవంబర్ 22, మంగళవారం. స్కూలు వదిలాక గ్రౌండ్‌లో కోన్‌లు సర్దుతూ ఫోన్‌లో మ్యాచ్ పెడితే చక్రం తిరుగుతూనే ఉంది. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో అర్జెంటీనాకు సౌదీ అరేబియాతో మ్యాచ్. మెస్సీ పెనాల్టీ కొట్టాడని మెసేజ్‌లు వస్తున్నాయి గానీ బొమ్మ రావడం లేదు. ఇక లాభం లేదని స్కూటీ తీసి కాచిగూడ స్టేషన్ వైపు వచ్చి, మలుపులో ఉన్న ఇరానీ హోటల్లో దూరాను. అలా వెళ్ళినదాన్ని డిసెంబర్ 18 ఫైనల్ దాకా మానలేదు. కాబట్టి ఇది ఒక్కసారి తిని వచ్చి రాస్తున్న రివ్యూ కాదు.

బోర్డు మీద పేరు రంగు వెలిసిపోయింది. చుట్టుపక్కల అందరికీ అది మూల హోటలే. లోపల పన్నెండు టేబుళ్ళు, పాలరాయి పలకలు, కర్ర కుర్చీలు, గోడలకు పాత అద్దాలు. టీవీ కౌంటర్ పైన ఉంటుంది, 43 అంగుళాలది. ఆడవాళ్ళు అడుగు పెడితే వెయిటర్లు అలవాటుగా లోపలి ఫ్యామిలీ గది చూపిస్తారు. అక్కడి నుంచి టీవీ కనపడదు, మధ్యలో స్తంభం అడ్డం. "నేను మ్యాచ్ చూడ్డానికి వచ్చానన్నా" అని వెయిటర్‌తో అన్నాను. ఆ మాట సేట్ చెవిన పడింది. కౌంటర్ నుంచి లేచి వచ్చి, టీవీకి ఎదురుగా ఒక్కడే కూర్చున్న పెద్దాయనతో "కాకా, మేడమ్‌కి జర జాగా ఇయ్యండి" అన్నాడు. ఆ కాకా జరిగి కుర్చీ చూపించాడు. నెల రోజులూ నా చోటు అదే. ఒక ఆడమనిషి మగవాళ్ళ మధ్య కూర్చుని మ్యాచ్ చూస్తుంటే ఎవరూ వింతగా చూడని చోటు ఈ ఊళ్ళో నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ హోటల్‌కి నా మొదటి మార్కు దానికే.

నేను కూర్చునేసరికి సగం ఆట అయిపోయింది, అర్జెంటీనా 1-0 ముందుంది. మళ్ళీ ఆట మొదలయ్యాక 48వ నిమిషంలో ఒకటి, 53వ నిమిషంలో ఒకటి, సౌదీ వాళ్ళు రెండు గోల్స్ కొట్టేశారు. 36 మ్యాచ్‌లు ఓటమి ఎరగని జట్టు ఓడిపోయింది. హోటలంతా మూగబోయింది. నాకు మాత్రం కోపం ఆగలేదు. అర్జెంటీనా కోచ్ స్కలోని పని అయిపోయిందన్నాను. ఒక్క పెద్ద క్లబ్ కూడా నడపని మనిషి, 2018లో పాత కోచ్ సంపవోలి పోయాక తాత్కాలికంగా కూర్చోబెడితే అలాగే ఉండిపోయాడు, 2021 కోపా అమెరికా గెలిచాడంటే అది మెస్సీ గెలిపించిందే అన్నాను. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు తలలూపారు.

కాకా సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "ఆగు బిడ్డా. ఫస్ట్ మ్యాచ్ ఎవరన్న ఓడిపోతరు. రెండో మ్యాచ్‌కి ఎవల్ని తీస్తడో, ఎవల్ని పెడ్తడో సూడు. కోచ్ అప్పుడు తెలుస్తడు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను పీఈటీని, స్కూల్లో ఆటల టీచర్ని. పన్నెండేళ్ళుగా ఇదే ఉద్యోగం. మొన్న ఆగస్టులో మా అమ్మాయిల జట్టు స్కూళ్ళ టోర్నీలో మొదటి మ్యాచ్ 4-0 ఓడిపోయింది. మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఒకరు "ఫుట్‌బాల్ ఎందుకు టీచర్, కబడ్డీ నేర్పుకోవచ్చు కదా" అన్నారు. వారం రోజులు అన్నం సయించలేదు. అదే తీర్పు నేను ఇంకొకరి మీద అర నిమిషంలో చెప్పేశాను.

కాకా ఊరికే అనలేదు. ఆయన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ నాటికి పద్నాలుగేళ్ళవాడు. మన జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయిందట. కోచ్ మన హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీమ్. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయన్ని సెమీస్‌కి తీసుకొచ్చి వెనక కాకుండా ముందు నిలబెట్టారు, సెంటర్ ఫార్వర్డ్‌గా. సెమీస్‌లో ఒక గోల్. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా, మళ్ళీ ఒక గోల్. 2-1తో బంగారం. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీమ్ క్యాన్సర్‌తో చనిపోయారు.

"గీ కాచిగూడ బళ్ళెనే చదువు చెప్పిండు బిడ్డా" అన్నాడు కాకా. నిజమే. రహీమ్ సాబ్ ముందు బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పని చేశారు, ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా తీసుకున్నారు. ఆయన పేరు నాకు తెలుసు, రెండు ఏషియన్ గేమ్స్ బంగారాలు తెలుసు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెలుసు. నాలాగే పిల్లలను వరసగా నిలబెట్టి విజిల్ ఊదిన టీచరని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ వీధులు నాకు వేరేగా కనిపించాయి.

ఇక చాయ్ సంగతి. బట్టీ గుమ్మం పక్కనే, అందరికీ కనిపించేలా ఉంటుంది. పెద్ద రాగి గిన్నెలో డికాక్షన్, మూత చుట్టూ గుడ్డ బిగించి సన్నసెగ మీద దమ్ పెడతారు. పక్క గిన్నెలో పాలు మరిగి మరిగి మీగడ రంగుకు తిరుగుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్, దాని మీద పాలు. పౌనా అంటే పాలు ఎక్కువ పోస్తారు. అది ఇక్కడ బాగుంటుంది, నాలుక మీద కాసేపు నిలుస్తుంది. ఉస్మానియా బిస్కెట్ పొద్దున వచ్చిన ట్రేలోదైతే తీపీ ఉప్పూ రెండూ తెలుస్తాయి, సాయంత్రానికి కొంచెం మెత్తబడుతుంది. ఛోటా సమోసా సాయంత్రం ఐదు తర్వాతే తినండి, అప్పుడే నూనెలోంచి దిగుతుంది. లుక్మీ పర్వాలేదు. ఖిచిడీ, ఖీమా, ఖట్టా పొద్దున ఎనిమిదిన్నర దాటితే దొరకవు. నేను రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళి ఊరికే తిరిగొచ్చాను.

ఆ ఖిచిడీ టైమ్‌లోనే ఈ హోటల్ అసలు విలువ నాకు తెలిసింది. అర్జెంటీనా మ్యాచ్‌లు ఎక్కువ భాగం మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు పడ్డాయి. ఆ టైమ్‌కి హోటల్ ఉండదు. అందరూ ఇళ్ళలో చూసి, కళ్ళు ఎర్రగా పొద్దున్నే ఇక్కడికి చేరేవాళ్ళు. టీవీలో హైలైట్స్ వస్తుంటే మళ్ళీ మొదటి నుంచి పంచాయతీ.

మెక్సికో మ్యాచ్ మర్నాడు, ఆదివారం పొద్దున, పిల్లల ప్రాక్టీస్ ముగించుకుని వచ్చాను. ఈ హోటల్లో వెయిటర్లు బిల్లు లెక్క టేబుల్ అంచున పెన్సిల్‌తోనే వేస్తారు. కాకా ఆ పెన్సిల్ అడిగి తీసుకుని పాలరాయి మీద సౌదీతో ఆడిన పదకొండు పేర్లూ రాయించాడు, నా చేతే. తర్వాత తడిగుడ్డ అంచుతో ఒక్కొక్క పేరే తుడిచాడు. మోలినా, రొమేరో, టాలియాఫికో, పరేదెస్, పాపు గోమెజ్. ఐదు ఖాళీలు. "ఇప్పుడు రాత్రి ఆడినోళ్ళను రాయి" అన్నాడు. మోంటియెల్, లిసాండ్రో మార్టినెజ్, అకున్యా, గీడో రోడ్రిగెజ్, మాక్ అలిస్టర్. తడి ఆరని చోట పెన్సిల్ సరిగా పడక మోంటియెల్ పేరు మూడుసార్లు దిద్దాను. ఒక్క ఓటమికి ఐదుగురిని మార్చడం భయపడేవాడి పని అని ఒకతను అన్నాడు. భయపడేవాడు పేరున్నవాళ్ళను కదపడు అని నేనన్నాను. అంటే ఐదు రోజుల్లోనే నేను అవతలి గట్టుకు చేరిపోయాను. ఆ మాట అందరి ముందూ ఒప్పుకున్నాను కూడా. ఎవరూ ఎత్తిపొడవలేదు. వెయిటర్ ఇంకో పౌనా తెచ్చి పెట్టాడు.

ఆ మ్యాచ్‌లోనే గీడోని దింపి 21 ఏళ్ళ ఎంజో ఫెర్నాండెజ్‌ని పంపితే అతను రెండో గోల్ కొట్టాడు. పోలండ్ మ్యాచ్‌కి ఎంజో మొదటి నుంచే ఉన్నాడు, లౌతారో బదులు అల్వారెజ్ వచ్చాడు. తర్వాత ఆస్ట్రేలియా మీద గెలుపు.

నెదర్లాండ్స్ మ్యాచ్ దగ్గర మళ్ళీ గొడవ. ఈసారి స్కలోని వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో వచ్చాడు. 1-0 ముందుండగా డి పాల్‌ను, 2-0 అయ్యాక రొమేరోను బయటికి పిలిచాడు. రొమేరో బదులు వచ్చిన పెజ్జెల్లా ఆఖరి క్షణాల్లో ఫౌల్ చేశాడు, ఆ ఫ్రీ కిక్ నుంచే స్కోరు 2-2 అయింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ మార్టినెజ్ రెండు ఆపి గట్టెక్కించాడు. ఆ మార్పులు తొందరపాటేనని నేను వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. మనిషిని మెచ్చుకున్నాక అతని తప్పు కనపడకూడదని రూలేం లేదు. కాకా కూడా ఆ రోజు నా వైపే. సెమీస్‌లో స్కలోని మూడో సెంటర్ బ్యాక్‌ను తీసేసి మిడ్‌ఫీల్డ్‌లో నలుగురిని పెట్టాడు, క్రొయేషియా మీద 3-0.

ఫైనల్ ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే హోటల్ తెరిచి ఉండే టైమ్‌కే. ఏడింటికే వెళ్ళాను. ఫ్యామిలీ గదిలోని కుర్చీలన్నీ బయట వేశారు. కూర్చున్నవాళ్ళు ఎనభై మంది ఉంటారు, మెట్ల మీద, రోడ్డు మీద ఇంకెంతమందో. డి మరియా ఎడమ వైపు నిలబడేసరికి కాకా నా మోచేతిని తట్టాడు. ఆ ఒక్క జాగా మార్పు ఫ్రాన్స్‌ను గంటసేపు ఆడనివ్వలేదు. పెనాల్టీ అటు నుంచే వచ్చింది, రెండో గోల్ డి మరియాదే. 41వ నిమిషంలోనే ఫ్రాన్స్ కోచ్ దెషాంప్స్ జిరూను, దెంబెలేను ఇద్దరినీ బయటికి పిలిచేశాడు. వరల్డ్ కప్ ఫైనల్లో సగం ఆట కాకముందే రెండు మార్పులు. అవతలి జట్టు కోచ్ అయినా ఆ ధైర్యానికి గదిలో చప్పట్లు పడ్డాయి.

64వ నిమిషంలో స్కలోని డి మరియాను తీసి అకున్యాను పంపాడు. నా కడుపులో ఏదో జారినట్టయింది. 80, 81 నిమిషాల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు గోల్స్. మూడు వారాలుగా స్కలోనిని మోస్తున్నవాళ్ళే లేచి తిట్టారు. నేను తిట్టలేదు గానీ సమర్థించనూ లేదు. పక్కకు చూస్తే కాకా కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో మెస్సీ కొట్టాడు, 118వ నిమిషంలో మోంటియెల్ మోచేతికి బంతి తగిలి మళ్ళీ పెనాల్టీ, 3-3. ఆట ముగిసే క్షణాల్లో స్కలోని డిబాలాను లోపలికి పంపాడు, పెనాల్టీల్లో ఒక్క కిక్ కోసం. ఆ కిక్ గోల్ అయింది. ఆఖరి కిక్‌కి నడిచి వచ్చింది మోంటియెల్. తడి రాయి మీద మూడుసార్లు దిద్దిన పేరు. ఎనభై మంది ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో గిన్నెలో పాలు పొంగిన చప్పుడు వినిపించింది, చాయ్ మాస్టర్ కూడా టీవీ వైపే చూస్తున్నాడు. బంతి వలలో పడింది. కాకా నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, నావీ అంతే.

ఇంటికి వచ్చాక సౌదీతో దిగిన పదకొండు పేర్లూ ఫైనల్ పదకొండూ పక్కపక్కన రాసి చూశాను. మారింది ముగ్గురే. ఎంజో, మాక్ అలిస్టర్, అల్వారెజ్. మధ్యలో ఇంతమందిని తీసి పెట్టి చివరికి ఆ ముగ్గురి దగ్గర ఆగాడు. ఆ పేపరు మడిచి పర్సులో పెట్టుకున్నాను, జనవరిలో మా పిల్లల టోర్నీ మళ్ళీ ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: 2022లో చాయ్ 20 రూపాయలు ఉండేది, ఫోన్‌తో డబ్బులు కట్టొచ్చు. బండి పెట్టడానికి జాగా లేదు, స్టేషన్ వైపు పెట్టి నడిచి రావాలి. ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు, ఇది పెద్ద లోటు. సేట్‌తో మొహం మీదే చెప్పాను, ఆలోచిస్తానన్నాడు. ఫైనల్ రోజు సెకండ్ హాఫ్ నుంచి చాయ్ పలచబడింది, పాలు మరిగే టైమ్ ఇవ్వలేదు. ఇషా అజాన్ వినపడగానే టీవీ సౌండ్ తీసేస్తారు, అయ్యాక పెడతారు. ఎవరూ సణగరు.

దాని తర్వాతి వరల్డ్ కప్ 2026లో, అమెరికా, కెనడా, మెక్సికోల్లో. అక్కడ సాయంత్రం మ్యాచ్ అంటే మనకు తెల్లవారుజాము. మొన్న బిల్లు కడుతూ సేట్‌ని అడిగాను, పొద్దున ఐదింటికి టీవీ పెడతారా అని.

"నాలుగింటికే బట్టీ ముట్టిస్తం మేడమ్" అన్నాడు. "మీ కుర్చీ, కాకా కుర్చీ ఆడ్నే ఉంటయి."