ఇన్నోవేషన్ వోచర్: చిన్న సంస్థలకు ప్రభుత్వాలు అందించే ఒక సేవపై సమీక్ష

మాంద్యం నుంచి తేరుకునే కాలంలో పరిశోధనకు నిధులు పెంచాలని అందరూ అంటారు గానీ, ఆ నిధులు పదిమందితో నడిచే సంస్థ గడప దాకా రావడం అరుదు. అలా నేరుగా వచ్చే కొద్దిపాటి సేవల్లో ఇన్నోవేషన్ వోచర్ ఒకటి.

ఇది పనిచేసే తీరు సులువైనది. సంస్థ తన సాంకేతిక సమస్యను ఒక ప్రశ్న రూపంలో రాసి దరఖాస్తు చేసుకుంటుంది. మంజూరైన వోచర్‌ను విశ్వవిద్యాలయానికో, పరిశోధనా కేంద్రానికో ఇచ్చి పని చేయించుకుంటుంది. పని ముగిశాక సొమ్మును ప్రభుత్వం నుంచి తీసుకునేది ఆ కేంద్రమే. ఉదాహరణకు, లోహపు విడిభాగాలు చేసే ఒక సంస్థ వేసిన పూత కొన్నాళ్లకే పెచ్చులూడుతోందనుకుందాం. లోపం పూతలో ఉందా, పూతకు ముందు లోహాన్ని శుభ్రం చేయడంలో ఉందా అన్నది తేల్చడానికి అవసరమైన సూక్ష్మదర్శినిని కొనే స్థోమత ఆ సంస్థకు ఉండదు, కొనవలసిన అవసరమూ లేదు. ఎవరిని అడగాలో తెలియకపోవడమే దాని అసలు ఇబ్బంది. వోచర్ తీర్చేది ప్రధానంగా ఆ ఇబ్బందినే.

దీని పనితీరుకు నెదర్లాండ్స్‌లో మంచి ఆధారం దొరికింది. 2004లో అక్కడ ఒక్కొక్కటి గరిష్ఠంగా 7,500 యూరోల విలువ చేసే 100 వోచర్లకు వెయ్యికి పైగా సంస్థలు పోటీపడగా, లాటరీ ద్వారా పంచారు. లాటరీ వల్ల వోచర్ దక్కినవారినీ దక్కనివారినీ నిష్పాక్షికంగా పోల్చే వీలు కలిగింది. పది వోచర్లలో ఎనిమిది, అవి లేకపోతే అసలు మొదలయ్యేవే కాని పనులకు దారితీశాయని ఆ పరిశీలన తేల్చింది. ఒకటి ఎలాగూ జరిగే పనికి ఖర్చయింది, మరొకటి వాడకుండానే మిగిలిపోయింది. ప్రభుత్వ సాయానికి ఇంతకంటే మంచి ఫలితం అంత తేలికగా కనబడదు.

అయితే ప్రభావం ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న, నా అసంతృప్తి అంతా అక్కడే. మాంచెస్టర్ ప్రాంతంలో 2009–10లో ఆవిష్కరణలను ప్రోత్సహించే బ్రిటన్ సంస్థ నెస్టా ఇదే తరహా పథకాన్ని నడిపింది. అందులో 4,000 పౌండ్ల వోచర్‌తో కొనవలసినవి ప్రయోగశాల సేవలు కావు, డిజైన్ వంటి సృజనాత్మక సేవలు. ఎంపిక మాత్రం అక్కడా లాటరీతోనే జరిగింది. ఆరు నెలలకు అమ్మకాల్లోనూ, కొత్త ఉత్పత్తుల్లోనూ మెరుగుదల కనిపించింది గానీ, ఏడాది తిరిగేసరికి వోచర్ అందుకున్నవారికీ, అందనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. తొలి పరిచయం కుదిర్చి చేతులు దులుపుకునే సేవకు ఈ పరిమితి తప్పదు.

అలాగని రెండో విడతగా పెద్ద గ్రాంటు ఇస్తే సరిపోతుందనీ చెప్పలేం. 1982 నాటి చట్టంతో మొదలై, చిన్న సంస్థల పరిశోధనకు నిధులిచ్చే అమెరికా ఎస్‌బీఐఆర్ పథకంలో ఇంధన శాఖ గ్రాంట్లపై 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, సుమారు 1.5 లక్షల డాలర్ల తొలి దశ గ్రాంటు వెంచర్ పెట్టుబడి (ఎదిగే కొత్త సంస్థల్లో వాటా తీసుకుని పెట్టే డబ్బు) దక్కే అవకాశాన్ని దాదాపు రెట్టింపు చేయగా, దానికి ఎన్నో రెట్లు పెద్దదైన రెండో దశ గ్రాంటు పెద్దగా ప్రభావం చూపలేదు. నమూనా పనిచేస్తుందని రుజువయ్యాక సంస్థకు కావలసింది ఇంకో గ్రాంటు కన్నా తొలి కొనుగోలుదారు. ఆ కొనుగోలుదారు ప్రభుత్వమే కావచ్చు; కానీ వోచర్లు పంచే విభాగానికీ, ప్రభుత్వ కొనుగోళ్లు చూసే విభాగానికీ మాటలుండటం తక్కువ.

కాబట్టి స్పష్టమైన సాంకేతిక ప్రశ్న ఉండి, దాన్ని ఎవరి ముందు పెట్టాలో తెలియని సంస్థకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. జీతాలకు నగదు అందక సతమతమవుతున్న సంస్థకు మాత్రం ఇది పనికిరాదు. వోచర్ సొమ్ము దాని ఖాతాలోకి రానే రాదు, దరఖాస్తుకు వెచ్చించిన సమయమూ వృథా అవుతుంది.